బండి నొసటి వ్రాత

బస్తరు సీమలో జగదల్పూరునుండి పడమటగా సుమారు 75 కిలోమీటర్లు పోయినచో గీదమను నొక చిన్న పట్టణము వచ్చును. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దంతెవాడ జిల్లాకు చెందినది. ఊరు చిన్నదే గాని కూడలి మాత్రము పెద్దది. ఒక బాట తూర్పున జగదల్పూరు మీదుగా ఒడిశాకు పోవును. ఒకటి పడమట బీజాపూరు, భోపాలపట్నముల మీదుగా సాగి గోదావరి దాటి తెలంగాణమునకు చేరును. ఒకటి దంతెవాడ మీదుగా బచేలి, కిరందూలు ఇనుప గనులకు దారి తీయును. మరియొకటి ప్రాచీన దేవాలయములకు నెలవైన బార్సూరునకు పోవును.

ఈ కూడలికిని తెలుగు వారికిని గల సంబంధము నేటిది కాదు. బార్సూరులో ఛిందక నాగవంశపు రాజుల నాటి, 11వ శతాబ్దికి చెందిన తెలుగు శాసనము లభించినది. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి బస్తరు రాజవంశమును స్థాపించెనని అక్కడి సంప్రదాయము. నేటి కాలమున బైలడిల్లా గనులను నడుపు జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు ప్రధాన కార్యాలయము హైదరాబాదే. ఆ గనుల ఖనిజమును మోయు రైలు మార్గము కిరందూలునుండి గీదము మీదుగా కొత్తవలసకు చేరి విశాఖపట్టణమునకు అందుచున్నది. కావున గీదము కూడలిలో తెలుగు మాట వినబడుట వింత కాదు. తెలుగు నాటి బండ్లు కనబడుటయు వింత కాదు.

అట్టి కూడలిలో కొంతసేపు నిలిచి, వచ్చు పోవు బండ్ల నొసట వ్రాసిన అక్షరములను చదివినచో అర్ధ శతాబ్దపు రాజకీయ చరిత్ర కన్నుల ముందు నడచిపోవును. దంతెవాడ జిల్లా బండిపై ‘సీజీ 18’ అనియు, జగదల్పూరు బండిపై ‘సీజీ 17’ అనియు ఉండును. తూర్పునుండి వచ్చు బండిపై ‘ఓడీ’ అని, దానికంటె పాతబడిన బండిపై ‘ఓఆర్’ అని ఉండును. పడమటినుండి వచ్చు బండ్లపై ‘ఏపీ’, ‘టీఎస్’, ‘టీజీ’ అను మూడును కానవచ్చును. ఆ మూడును ఒకే ఊరి ఒకే వీధికి చెందినవి కూడ కావచ్చును. రెండేసి అక్షరములే. కాని వాటికొరకు మనుష్యులు పోరాడిరి, సిగ్గుపడిరి, గర్వించిరి, న్యాయస్థానముల కెక్కిరి. బండి నొసటి వ్రాతలో ఏది గౌరవము, ఏది అవమానము అను ప్రశ్న చిన్నదిగా తోచినను, దాని వేళ్లు లోతుగా నున్నవి.

మోటారు బండికి గుర్తు వేయు ఆచారము ఐరోపాలో పుట్టినది. 1893లో పారిసు నగర పోలీసు శాఖ వారు బండ్లకు పలకలు తగిలింపవలెనని ఆజ్ఞాపించిరి. బ్రిటనులో 1903 నాటి మోటారుకార్ల చట్టము 1904 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి ప్రతి బండికిని సంఖ్యను తప్పనిసరి చేసినది. మన దేశమున 1914లో నొకటి, 1939లో నొకటి చట్టములు వచ్చినవి. నేడు నడచుచున్నది 1988 నాటి చట్టము; అది 1989 జూలై 1న అమలులోనికి వచ్చినది. దాని 41వ విభాగము ననుసరించి, ఏ రాష్ట్రమునకు ఏ అక్షరములో నిర్ణయించునది కేంద్ర ప్రభుత్వము. ఆ అక్షరములకు జిల్లా సంఖ్యను, వరుస అక్షరములను, నాలుగంకెలలోపు సంఖ్యను చేర్చి బండికి ఇచ్చునది రిజిస్ట్రేషను అధికారి. బండి యజమానికి ఇందులో కొంత రుసుము చెల్లించి అంకెను కోరుకొను అవకాశము మాత్రమే కలదు. అక్షరములను కోరుకొను హక్కు అతనికి లేదు.

ఈ పద్ధతికి మూలకారణము మిక్కిలి సామాన్యమైనది: తప్పు చేసిన బండిని గుర్తుపట్టుట. పాదచారిని గ్రుద్ది పారిపోవు వానిని పట్టుకొనుటకు ఏర్పడిన గుర్తు అది. కాని మనుష్యుడు తాను మోయు ఏ గుర్తునైనను ఎక్కువ కాలము గుర్తుగానే ఉంచడు. దానిని బిరుదుగానో మచ్చగానో మార్చుకొనును. బండి సంఖ్య విషయమున జరిగినది అదియే.

గీదము బండ్ల సంగతి చూడుడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాడే నూతన మధ్యప్రదేశ్ కూడ ఏర్పడినది. బస్తరు ఆ రాష్ట్రపు జిల్లాగా నుండెను. 2000 సంవత్సరము నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అవతరించుటతో ‘ఎంపీ’ పోయి ‘సీజీ’ వచ్చినది. పొరుగున ఒరిస్సా తన పేరును ఒడిశాగా మార్చుకొనిన పిమ్మట 2012లో ‘ఓఆర్’ స్థానమున ‘ఓడీ’ వచ్చినది. ఉత్తరాంచలము 2007లో ఉత్తరాఖండ్ అయినప్పుడు ‘యూఏ’ పోయి ‘యూకే’ వచ్చినది. ఒక రాష్ట్రము తన పేరును ఎట్లు పలుకవలెనని కోరుచున్నదో బండి నుదుటిపై కూడ అట్లే ఉండవలెనని ఆ ప్రజలు ఆశించిరి. ఇందులో నెవ్వరికిని కష్టము కలుగలేదు.

తెలంగాణము కథ వేరు. ప్రత్యేక రాష్ట్రోద్యమకాలమున అనేకులు తమ బండ్లపై ‘ఏపీ’ని తొలగించి ‘టీజీ’ అని వ్రాసికొనిరి. చట్టము దృష్టిలో అది నేరము. వ్రాసికొనిన వారి దృష్టిలో అది ఆత్మగౌరవ ప్రకటన. తమ నుదుట పరుల పేరున్నదని వారి బాధ. ఆ రెండక్షరములే ఎదుటివానికి తమ పేరు గనుక, ఆ మార్పు వానికి కష్టము కలిగించినది. ఒకే పలక ఒకనికి అవమానము, ఇంకొకనికి అభిమానము. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడినది. అదే నెల 17వ తేదీన కేంద్రము కొత్త రాష్ట్రమునకు ‘టీఎస్’ అను అక్షరములను ప్రకటించినది. ఉద్యమమున వ్రాసికొనిన అక్షరములు అవి కావను అసంతృప్తి పలువురిలో మిగిలిపోయెను. పదేండ్ల పిమ్మట ప్రభుత్వము మారినది. 2024 మార్చి 12న కేంద్ర ప్రకటన వెలువడగా, 15వ తేదీనుండి కొత్త బండ్లకు ‘టీజీ’ వచ్చినది. ఒకనాడు జరిమానా తెచ్చిన అక్షరములే నేడు చట్టబద్ధమైన అక్షరములు. అభ్యంతరకరమైనది అను మాటకు ఎంత ఆయువుండునో దీనివలన తెలియును.

ఇది సమూహమునకు సంబంధించిన గౌరవము. వ్యక్తికి సంబంధించిన అవమానమునకు ఉదాహరణము ఢిల్లీలో దొరకును. ఆ నగరమున ద్విచక్ర వాహనములకు ‘ఎస్’ అను అక్షరమును, కార్లకు ‘సీ’ అను అక్షరమును జిల్లా సంఖ్య వెంట చేర్చుట ఆచారము. దాని తరువాత వరుస అక్షరములు రెండు వచ్చును. 2021లో ఆ వరుస ‘ఇ’తో మొదలై ఒక్కొక్క అక్షరమే ముందుకు నడచి ‘ఇ, ఎక్స్’ వద్దకు చేరినది. ‘ఎస్’ వెంట ‘ఇ’, ‘ఎక్స్’ నిలిచినంతనే లైంగికార్థమిచ్చు ఆంగ్ల పదమొకటి పలకపై రూపొందినది. అట్టి సంఖ్య గల స్కూటరు ఒక విద్యార్థిని వంతునకు వచ్చినది. వీధిలో ఎగతాళి మాటలు ఆమెకు తప్పలేదు. ఢిల్లీ మహిళా కమిషను ఆ డిసెంబరులో రవాణా శాఖకు నోటీసు పంపగా, ఆ వరుసలో సంఖ్యల నిచ్చుట నిలిపివేయబడినది.

ఇందులో ఎవరి తప్పున్నది? అక్షరములను పేర్చిన యంత్రమునకు అర్థము తెలియదు. వరుసను రూపొందించిన అధికారికి దురుద్దేశము లేదు. ‘ఎస్’ అనగా స్కూటరని మాత్రమే అతని భావము. ఆ యువతి కోరి తీసికొనినది కాదు. అయినను ప్రతిదినము దానిని మోసికొని వీధిలో నడువవలసినది ఆమెయే. ఉద్దేశము లేనిచోట అవమానము లేదనుట ఆఫీసు ఫైలులో చెల్లును గాని వీధిలో చెల్లదు. పలకను చదువువాడు పలకను వ్రాసిన వాని మనసును చదువడు. తన మనసులో నున్న దానినే చదువును.

ఈ ప్రమాదమును ముందే ఊహించిన దేశములు కలవు. జర్మనీలో బండి సంఖ్య ఊరి అక్షరముతో మొదలగును. స్టుట్‌గార్టుకు ‘ఎస్’, కొలోనుకు ‘కె’, న్యూరెంబర్గుకు ‘ఎన్’. స్టుట్‌గార్టు ‘ఎస్’ వెంట మరియొక ‘ఎస్’ చేరినచో నాజీల ఘాతుక దళపు పేరగును. కొలోను ‘కె’ వెంట ‘జెడ్’ చేరినచో నిర్బంధ శిబిరమును తెలుపు సంక్షేపమగును. న్యూరెంబర్గు ‘ఎన్’ వెంట ‘ఎస్’ చేరినచో నాజీ సిద్ధాంతపు పేరే తోచును. అందుచేత ఆ కలయికలను అక్కడ ఇయ్యరు. రెండక్షరములు ఆరోగ్యవంతుడైన పిల్లవానికి వట్టి అక్షరములే. ఆ శిబిరములలో తలిదండ్రులను పోగొట్టుకొనిన వానికి అవి వట్టి అక్షరములు కావు. బ్రిటనులో కొత్త వరుసలు ఏటేట మార్చి, సెప్టెంబరు నెలలలో వెలువడును. అంతకు ముందే అధికారులు కూర్చుండి అసభ్యముగా ధ్వనించు కలయికలను తొలగింతురు. ఐర్లండులో సంవత్సరమును తెలుపు అంకెలు బండిపై నుండుట ఆచారము. 2013లో ‘13’ అను అశుభసంఖ్యను జనులు దూరముంతురను భయముతో, ఏడాదిని రెండుగా విభజించి ‘131’, ‘132’ అని మార్చిరి. 2011 ప్రాంతమున కాబూలు నగరమున ‘39’ అను అంకె ఎట్లో కుంటెనకానికి సంకేతమై, ఆ అంకె గల కార్లు అమ్ముడుపోని దుఃస్థితి ఏర్పడినది. ఆ అంకె చేసిన పాపమేమియు లేదు. లోకము దానికి పేరు పెట్టినది, అంతే.

అంకెలకు పేరు పెట్టుటలో తెలుగు వారును తక్కువవారు కారు. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసమునకు సంబంధించిన 420వ సెక్షను, తిట్టుగా మారి ఊరూర స్థిరపడినది. 2024 జూలై 1న ఆ స్మృతియే రద్దయి భారతీయ న్యాయ సంహిత వచ్చినది; అందులో మోసమునకు సంఖ్య 318. చట్టము పోయినను తిట్టు పోలేదు. 420ని రుసుము చెల్లించి కోరుకొనువాడు కానరాడు. 9999 కొరకు మాత్రము హైదరాబాదు వేలములలో లక్షల రూపాయలు కుమ్మరింతురు. వరుసగా మూడు ఒకట్లు కనబడినచో నిలువు నామములని నవ్వుకొని, అప్పు ఎగవేయు వానిని తలచుకొనుట మన వారి అలవాటు.

హిందీ ప్రాంతమున మరియొక చమత్కారము కలదు. ‘4141’ను ఒంపులు తిప్పి వ్రాసి, నాగరి లిపిలో ‘పాపా’ అని చదివింతురు. అనగా తండ్రి. గీదములో ఆ బండి నిలిచినచో హిందీ వాడు తండ్రిని తలచుకొనును. లిపి తెలిసిన తెలుగు వాడు చిన్నపిల్లను పిలిచినట్లు భావించును. లిపి తెలియని వాడు నాలుగు వేల నూట నలుబది ఒకటి అని చదువుకొని పోవును. హల్బీ, గోండీ, హిందీ, ఒడియా, తెలుగు వినబడు కూడలిలో ఏ పదము ఎవనికి నొచ్చునో ముందుగా పట్టిక వ్రాయుట సాధ్యము కాదు. అభ్యంతరము పదమున లేదు; పదమునకును, దానిని విను వాని బ్రతుకునకును నడుమ నున్నది.

ఈ చిక్కును అమెరికా దేశము న్యాయస్థానములకు తీసికొనిపోయినది. అక్కడ 1931లో పెన్సిల్వేనియా రాష్ట్రము యజమానులు తమ పేరులోని పొడి అక్షరములను పలకపై వేయించుకొనుటకు అనుమతించెను. నేడు అనేక రాష్ట్రములలో రుసుము చెల్లించి, తోచిన పదమును వేయించుకొనవచ్చును. వచ్చిన చిక్కెల్లయు అసభ్య పదములను నిరాకరించుటలోనే. పలకపై మాట యజమానిదా, ప్రభుత్వముదా? 1977లో న్యూ హాంప్‌షైరునకు చెందిన ఒకడు పలకపై ప్రభుత్వము అచ్చొత్తిన నినాదము తన మతవిశ్వాసమునకు విరుద్ధమని కప్పివేసెను. అతనిచే ఆ నినాదమును బలవంతముగా మోయింపరాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2015లో టెక్సాసులో దక్షిణ రాష్ట్రముల తిరుగుబాటు పతాకను పలకపై వేయుమని కోరిన సంఘమునకు అదే న్యాయస్థానము అయిదుగురు నలుగురను తేడాతో నిరాకరించినది. అట్టి ప్రత్యేక పలకలపై మాట ప్రభుత్వపు మాటయే గనుక దానికి ఎన్నుకొను హక్కు కలదనిరి. బానిసత్వమును రక్షించుటకై పోరాడిన వారి జెండాను ప్రభుత్వపు పలకపై చూచు నల్లవారి మనసునకు ఏమి తోచునన్నదే ఆ వ్యాజ్యపు వెనుకనున్న ప్రశ్న.

ఈ రెండు తీర్పులను కలిపి చూచినచో మనకొక బాట తోచును. పలకపై మాట ప్రభుత్వముదైనచో, దానివలన కలుగు అవమానమునకును ప్రభుత్వమే బాధ్యత వహింపవలెను. అధికారము తనది, ఫలితము యంత్రముది అనుట పొసగదు. ఢిల్లీ విద్యార్థిని విషయమున వరుసను నిలిపివేయుట దయ కాదు, బాధ్యత.

రెండవ వైపు కూడ చూడవలెను. ప్రభుత్వము వేసిన వ్రాతకంటె యజమాని తానుగా వేసికొను వ్రాత ఎక్కువ నొప్పించుటయు కలదు. నంబరు పలకపై అన్య లేఖనము కూడదని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. అక్షరములు ఆంగ్లమున, అంకెలు అంతర్జాతీయ రూపమున ఉండవలెను. కారు వంటి బండిపై అక్షరము ఎత్తు 65 మిల్లీమీటర్లు. అయినను వంశనామములు, కులనామములు, పదవులు పలకలపైనను అద్దములపైనను వెలయుచున్నవి. ఉత్తరప్రదేశములో 2020 డిసెంబరునను, అలహాబాదు హైకోర్టు తీర్పు ననుసరించి 2025 సెప్టెంబరునను బండ్లపై కులనామములను తొలగింపవలెనని ఉత్తరువులు వెలువడినవి. ఆ పేరులలో బూతు లేదు. నిఘంటువులో వెదకినను దోషము దొరకదు. కాని దారి తొలగుమను ధ్వని అందులో కలదు. ఆ ధ్వనిని తరతరములుగా విన్న వానికే అది వినబడును. బూతుమాటకు కన్నెఱ్ఱ చేసి, గర్వపు మాటను చూచియు చూడనట్లు పోవుట సభ్యత కాదు.

పదవుల సంగతియు అంతే. 2013లో సుప్రీంకోర్టు ఎఱ్ఱదీపముల వాడుకను అదుపు చేయుమనినది. 2017 మే 1నుండి ఆ దీపములు అధికారుల బండ్లపైనుండి దిగిపోయినవి. రాష్ట్రపతి మొదలగు రాజ్యాంగాధిపతుల కార్లపై సంఖ్యకు మారుగా నాలుగు సింహముల చిహ్నమే ఉండెడిది. 2018 జూలైలో ఢిల్లీ హైకోర్టు వాటికిని రిజిస్ట్రేషను సంఖ్య కనబడవలెనని ఆదేశించినది. బండి గీదము రైతుదైనను రాష్ట్రపతిదైనను పాదచారికి దాని సంఖ్య తెలియవలెను. ఆ గుర్తు పుట్టినది అందుకొరకే గదా!

కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఈ కథలో తనదగు అధ్యాయము కలదు. ఒక రాష్ట్రపు బండి ఇంకొక రాష్ట్రమున 12 నెలలకు మించి నిలిచినచో అక్కడి సంఖ్యను తీసికొనవలెనని చట్టము. విశాఖపట్టణమునుండి కిరందూలునకు ఉద్యోగమునకై వచ్చిన తెలుగు వాడు తన ‘ఏపీ’ని వదలి ‘సీజీ 18’ని తాల్పవలెను. బదిలీ కాగానే మరల మార్పు. పరదేశమున ఊరి పలకను చూచి ఇంకొక తెలుగు వాడు బండి ఆపి పలుకరించు సుఖము దానితో పోవును. అపరిచితపు సంతలో నిలిచిన స్కూటరు నొసట సొంత రాష్ట్రపు అక్షరములను చూచి మనసు చల్లబడని ప్రవాసి యుండునా?

2021 సెప్టెంబరు 15నుండి అమలులోనికి వచ్చిన ‘బీహెచ్’ వరుస ఈ చిక్కును తీర్చినది. ఏ రాష్ట్రమున నున్నను కేంద్రోద్యోగి బండికి అదే సంఖ్య చెల్లును. పన్ను రెండేండ్లకొకసారి. ‘ఐ’ని ఒకటిగను, ‘ఓ’ను సున్నగను భ్రమింతురను కారణమున ఆ రెండక్షరములను వరుసలో చేర్పలేదు. సదుపాయము నిజమే. దేశమంతయు తనదే అను భావమును పలక చెప్పుచున్నది. ఊరి పేరు మాత్రము చెప్పదు. లాభము, లోటు రెండును ఒకే పలకపై నిలిచినవి.

ఇక తేల్చవలసినది: బండి నొసటి వ్రాతలో ఏది కూడదు? మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఆ వ్రాతను మోయువాడు కోరి మోయుచున్నాడా, లేక ఎవరో మోపిరా? దానిని చదువువాడు నవ్వి ఊరకుండునా, లేక తలవంచుకొని తొలగునా? ఆ తలవంపు అతని పుట్టుకనుండియో, స్త్రీత్వమునుండియో, పూర్వదుఃఖమునుండియో వచ్చినదా? మోపిన వ్రాత తలవంపు తెచ్చినచో మోపినవాడు దానిని తీసివేయవలెను. తానుగా వ్రాసికొనినది ఇతరుని తలవంచినచో వ్రాసినవాడు దానిని చెరిపివేయవలెను. తండ్రిని తలచుకొను ‘4141’ను చూచి పోలీసువాడు నిబంధన ప్రకారము జరిమానా వేయవచ్చును గాని, అది అవమానముల లెక్కలో చేరదు.

గీదము కూడలిలో బండ్లు ఆగవు. బార్సూరు శాసనమున రాతిపై చెక్కిన తెలుగు అక్షరములు తొమ్మిది శతాబ్దములు దాటినను చెక్కుచెదరక నిలిచినవి. పలకలపై అక్షరములు ముప్పది యేండ్లలో పలుమార్లు మారినవి. రాతిపై నున్నను రేకుపై నున్నను, వ్రాయువానికి విధి ఒకటే: చదువబోవు వాని ముఖమును ఒక్కసారి తలచుకొనుట.